అత్తకు పడిన బండి

మా అత్తకు బస్సు పడదు. ఈ ఒక్క ముక్క చెబితే మా ఉద్దానంలో ఇంకేమీ వివరించక్కర్లేదు. కొందరికి వంకాయ పడదు, కొందరికి పాలు పడవు, మా అత్తకు బస్సు పడదు. జలంత్రకోటలో ఎక్కితే పలాస చేరేలోగా రెండు కవర్లు నింపేది. పెట్రోలు కారు మరీ ఘోరం. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, ఇంజను స్టార్టు కాకముందే మొహం పాలిపోయేది. రైలొక్కటే ఆవిడను మర్యాదగా చూసింది. కానీ రైలు వెళ్ళని ఊళ్ళు చాలా ఉన్నాయి. అందులో పాడేరు ఒకటి.

పాడేరులో మా పెద్దత్త ఉంటుంది. అత్తకు సొంత అక్క. మా వైపు అక్కను అప్ప అంటాం. అత్త నాకు మేనత్తే, ఆవిడ కొడుకునే చేసుకున్నాను. అందుకే ఆవిడ దగ్గర నాకు చనువెక్కువ, నోరూ ఎక్కువే.

ఇరవై ఏళ్ళ పైమాట. పెద్దత్త వాళ్ళు పాడేరులో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచారు. పిలుపు కాస్త ఆలస్యంగా అందింది. అత్త బస్సుల మీద బస్సులు మారి, ఘాట్ రోడ్డు మలుపులన్నీ కక్కుకుంటూ ఎక్కి, చేరీ చేరగానే వెనక గదిలో మంచం మీద పడిపోయింది. అందరూ పంక్తిలో కూర్చున్నారు. పెద్దమావ రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి భోజనానికి రమ్మన్నాడట. ఈవిడ గోడ వైపు తిరిగి పడుకుని పలకలేకపోయింది. మూడు రోజులున్నా ఆ తిప్పు తగ్గక, తిరుగు బస్సు తలుచుకుని భయపడి, ఒక్క మెతుకు ముట్టకుండా తిరిగొచ్చింది.

వేరే దేశంలో అయితే ఒంట్లో బాగోలేదనుకునేవారు. మన దగ్గర చుట్టాలింట్లో అన్నం ముట్టలేదంటే ఒకటే అర్థం, అలిగిందని. పిలుపు ఆలస్యమైందని మనసులో పెట్టుకుని వచ్చిందనీ, నలుగురిలో పెద్దమావ పరువు తీసి పోయిందనీ ఆయన వైపు వాళ్ళు తేల్చేశారు. "మా ఇంటి కూడు మీ సెల్లికి సయించలేదు" అని ఆయన పెద్దత్తతో అన్నాడు. ఆ తర్వాత మా గడప తొక్కలేదు. పెద్దత్త ఒక్కతే మా పెళ్ళికొచ్చింది, మా పాప బారసాలకొచ్చింది. అప్పచెల్లెళ్ళు రోజూ ఫోనులో మాట్లాడుకుంటారు. ఎన్ని కబుర్లు చెప్పుకున్నా చివరికి పెద్దత్త ఒకటే మాట అనేది: "ఓపాలి వచ్చి నా ఇంట్లో నాలుగు మెతుకులు తినెల్లే." అత్త ఊఁ అనేది. ఫోను పెట్టేశాక పెరట్లోకెళ్ళి కొబ్బరి పీచు తీస్తూ కూర్చునేది.

నేను పలాసలో టీచర్ని. స్కూటరు మీద రోజూ రాకపోకలతో నడుం పోయి, రెండేళ్ళ కిందట కరెంటు కారు కొన్నాం. షోరూములో మా బావ, అంటే మా ఆయన, బ్యాటరీ గురించి నలభై ప్రశ్నలు వేశాడు. అత్త ఒక్కటే అడిగింది. "బాబూ, దీనికి వాసనుంటాదేటి?" ఆ అబ్బాయి ఏ వాసనా ఉండదమ్మా అన్నాడు. ఆ సాయంత్రమే అత్త పాడేరుకు ఫోను చేసింది. "వత్తన్నానప్పా. ఈపాలి బస్సు కాదు."

కారు ఊళ్ళోకి వస్తే వీధంతా చుట్టూ మూగింది. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎంతిత్తాదేటి?" ఆవును కొన్నప్పుడు కూడా ఇలాగే అడుగుతారు. ఒకసారి చార్జి పెడితే మూడొందల కిలోమీటర్ల దాకా ఇస్తుందని బావ గర్వంగా చెప్పేవాడు. అత్త అరుగు మీద కూర్చుని తలూపేది, పాలు తనే పితికినట్టు.

మొదటి ఆదివారం పలాస వెళ్ళొద్దామని బయలుదేరాం. కాశీబుగ్గ ఇంకా రానే లేదు, అత్త నా భుజం మీద తట్టింది. పక్కకు ఆపాను. తలుపు తీసుకుని కిందికి వంగి, పొద్దున తాగిన అంబలంతా కక్కేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, దాచుకోవడం చేతకాదు. "వాసన లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. ఇంకేం కావాలి నీకు? పల్లకీ తెప్పించమంటావా?" అని నడిరోడ్డు మీద అరిచాను. అత్త మూతి తుడుచుకుని, నీళ్ళు పుక్కిలించి, తలుపు వేసుకుని కూర్చుంది. ఆ రాత్రి పెద్దత్త ఫోను మోగినా తియ్యలేదు. మర్నాడు, "నానొల్లనమ్మీ. నా రాతింతే, ఒగ్గీయ్" అంది. ఆ మాట వినేసరికి నా మీద నాకే అసహ్యం వేసింది. అరిచినందుకు కాదు, నేను ఎప్పుడూ అరుస్తూనే ఉంటాను. ఆవిడ ఆశ వదిలేసుకుంటుంటే చూడలేకపోయాను.

రెండు రోజులు పోయాక, పెరట్లో కొబ్బరి పీచు తీస్తూ అత్తే కదిపింది.

"బండిది తప్పు కాదమ్మీ. నీ కోపం కాల్లోకి దిగిపోతంది."

"నా కాలేం చేసింది?"

"ఒకలి మీద కోపమొత్తే నొక్కేత్తన్నావు. ఇంకొకలి మీద కోపమొత్తే తీసేత్తన్నావు. మద్దిన నా కడుపు ఉయ్యాలూగుతంది."

ఈ కరెంటు కారుకు ఒక గుణముంది. యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చాలు, బ్రేకు తొక్కకుండానే వెనక నుంచి ఎవరో లాగినట్టు నెమ్మదిస్తుంది. అలా నెమ్మదించినప్పుడు బ్యాటరీకి కొంచెం కరెంటు తిరిగొస్తుందట. తొక్కితే మాత్రం ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఇంజను చప్పుడు లేదు కాబట్టి నేను ఎంత దురుసుగా నడుపుతున్నానో నాకే తెలియదు. అడ్డమొచ్చిన ఆటోవాడినీ, నెత్తి మీదికొచ్చే లారీనీ, తీరిగ్గా నడిచే గేదెనూ నేను నోటితో తిట్టినప్పుడల్లా కాలితో కూడా తిడుతున్నానన్నమాట. బావ స్క్రీను మీద ఏదో నొక్కి ఆ వెనక్కి లాగే గుణాన్ని తగ్గించాడు. కారు తగ్గింది, నేను తగ్గలేదు. బావకు డ్రైవింగు రాదు, నేర్చుకోడు. కాబట్టి మా అత్త పాడేరు చేరడమా మానడమా అన్నది నా కుడికాలి మీద పడింది.

మందు అత్తే కనిపెట్టింది. ఆ ఆదివారం ముందు సీట్లో కూర్చుని, ఒళ్ళో ఒక కొబ్బరి చిప్ప పెట్టుకుని దాని నిండా నీళ్ళు పోయించుకుంది. "తుళ్ళకుండా బారువ తీసుకెళ్ళు సూద్దాం." బారువ సముద్రం మా ఇంటి నుంచి ఎంతో దూరం లేదు. చేరేసరికి ఆవిడ చీర మోకాళ్ళ దాకా తడిసింది. దిగి, ఇసకలో నిలబడి కుచ్చిళ్ళు పిండుకుంది. మా పాప పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అప్పట్నుంచి మా ఆదివారాలన్నీ అలాగే గడిచాయి. పాప వెనక సీట్లో నీళ్ళ సీసాతో సిద్ధంగా ఉండేది, తుళ్ళినప్పుడల్లా చిప్ప నింపేది. కొబ్బరి తోటల మధ్య సన్న రోడ్లలో ఎదురుగా మోటారు సైకిలు వస్తే, కాలును ఒకేసారి ఎత్తకుండా మెల్లగా వదలడం నేర్చుకున్నాను. మొదట పలాస దాకా, తర్వాత టెక్కలి దాకా. టెక్కలిలో టీ తాగి తిరిగొచ్చిన రోజు చీర మీద అరచేతంత తడే ఉంది. ఆ రోజు అత్త మాకందరికీ పకోడీలు కొనిపెట్టింది, తను తినలేదు. ప్రయాణంలో ఆవిడ ఏదీ తినదు. జీవితమంతా ఖాళీ కడుపుతో ప్రయాణం చేసి, ఖాళీ కడుపుతోనే చుట్టాల ఇళ్ళ నుంచి తిరిగొచ్చిన మనిషి.

కోటబొమ్మాళిలో నాకు అసలు పరీక్ష ఎదురైంది. సంత రోజు. మేకలూ, గోనెలూ, అడ్డంగా తిప్పే ఆటోలూ. ఒకతను సరిగ్గా కారు ముందు సైకిలు ఆపి, కూరల బేరం మొదలుపెట్టాడు. నా నోట్లో మాట తయారుగా ఉంది. పక్కకు చూస్తే చిప్పలో నీళ్ళు అంచు దాకా నిలబడి ఉన్నాయి, అత్త రెండు చేతులతో పట్టుకుని వాటినే చూస్తోంది. నోరు మూసుకుని కూర్చున్నాను. అతని బేరం తెగే దాకా కూర్చున్నాను. "మా అమ్మకి జొరమొచ్చిందేటి" అంది పాప వెనక నుంచి. నిజం చెప్పాలంటే ఆ కొద్ది నిమిషాలూ నాకు హాయిగా ఉంది. అంతవరకూ రోడ్డు మీద అంత ప్రశాంతంగా కూర్చున్నది లేదు.

ఆ రోజు చీర తడవలేదు. రాత్రి అత్త పాడేరుకు ఫోను చేసింది.

దసరా సెలవుల్లో బయలుదేరాం. ముందురోజే అత్త సముద్రం ఒడ్డు పల్లె నుంచి పెద్దత్త కోసం ఎండుచేపలు తెప్పించింది. నాలుగు కవర్లలో చుట్టినా ఆ వాసన కారంతా నిండిపోయింది. బావ కిటికీ దించుకుని తల బయట పెట్టుకున్నాడు. పెట్రోలు వాసనకు పడిపోయే మనిషి ఆ వాసనలో మాత్రం హాయిగా కూర్చుంది. "ఇది మన వాసన కాదేటి" అంది.

శ్రీకాకుళం దాటాక హైవే పక్క హోటల్లో చార్జి పెట్టాం. అక్కడ కాపలా ఉండే పెద్దాయన మర్యాదకే పలకరించాడు, ఎక్కడికమ్మా వెళ్తున్నారు అని. అంతే, అత్త మొహం మాడిపోయింది. బయలుదేరిన వాళ్ళను ఎక్కడికి అని అడగకూడదు, దూరమా అని అడగాలి. అందరం దిగి, కుర్చీల్లో కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ కొత్తగా బయలుదేరాల్సి వచ్చింది. ఎలాగూ చార్జింగు పూర్తయ్యే దాకా కూర్చోవాల్సిందే కాబట్టి ఎవరికీ నష్టం లేకపోయింది.

మాడుగుల దాటాక ఘాట్ రోడ్డు మొదలైంది. అత్త చిప్పను పక్కన పెట్టేసి కళ్ళు మూసుకుంది. కొండెక్కుతుంటే చార్జి కళ్ళముందే తరిగిపోతోంది. బావ అంకెలు చదవడం మొదలుపెట్టాడు. యాభై అన్నాడు, నలభై నాలుగు అన్నాడు, ముప్పై తొమ్మిది అన్నాడు. చదవడం ఆపకపోతే దింపేస్తానన్నాను, నెమ్మదిగానే. వెనకొక జీపు ఒకటే హారను. మలుపు మీద మలుపు. నా భయం చార్జి గురించి కాదు. ఈ కొండ మీద ఈవిడ ఒక్కసారి కక్కుకుందంటే మళ్ళీ ఈ జన్మలో కారెక్కదు. జీపుకు దారిచ్చాను. ఇంకో జీపుకూ ఇచ్చాను. ఒక మలుపులో అత్త గట్టిగా ఊపిరి పీల్చింది. ఆపమంటావా అని అడిగాను.

"ఆపకమ్మీ. ఇలాగే పోనీ."

పాడేరులో పెద్దత్త ఇంటి ముందు ఆగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. పెద్దమావ వరండాలో పేపరు చదువుతున్నాడు. తలెత్తి, ఎవరి మొహమూ చూడకుండా రండి అనేసి, మళ్ళీ పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పెద్దత్త పరుగెత్తుకొచ్చింది. ఒక చేతిలో నిమ్మకాయ నీళ్ళు, ఇంకో చేతిలో తడి తువ్వాలు. వెనక గదిలో పక్క వేసే ఉంది, మంచం కింద బకెట్టూ ఉంది. పాపం, చెల్లెలి కోసం అన్నీ సిద్ధం చేసుకుంది.

అత్త తనంత తనే తలుపు తీసుకుని దిగింది. చీర సర్దుకుంది. అప్ప మొహం చూసి, "అప్పా, ఆకలేత్తంది. కూడెట్టు" అంది.

"ఏటన్నావే?" అంది పెద్దత్త. అత్త మళ్ళీ అదే అంది, ఈసారి కాస్త విసుగ్గా. అప్పుడు పెద్దత్త నవ్వుతూనే ఏడవడం మొదలుపెట్టింది. ఎందుకంటే ఇంట్లో అన్నం లేదు. మేం దారిలో తినేసి వస్తామనుకుని మా అందరికీ సాయంత్రం వండుదామనుకుంది, చెల్లెలికి గంజినీళ్ళు సరిపోతాయనుకుంది. ఆ ఇంట్లో ఇన్ని సిద్ధంగా ఉన్నాయి, ఈవిడ ఆకలి కోసం మాత్రం ఎవరూ ఏదీ సిద్ధం చెయ్యలేదు.

ఎసరు పెట్టారు. ఎండుచేపలు కడిగి పొయ్యి మీదికెక్కించారు. అన్నం ఉడికే దాకా అత్త వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుంది, వెనక గదిలో పడుకోమని ఎవరు చెప్పినా వినలేదు. పొగలు కక్కే అన్నం వడ్డించగానే ఊదుకుంటూ తినేసింది. పెద్దత్త మళ్ళీ పెట్టింది, మళ్ళీ తిన్నది. నేను ఆవిడ అంత తినడం మా ఇంట్లో కూడా చూడలేదు.

వరండాలో పేపరు మడిచిన చప్పుడైంది. పెద్దమావ వంటింట్లోకొచ్చి, అత్త విస్తరాకు వైపు చూశాడు. తర్వాత పెద్దత్త చేతిలోంచి అన్నం గిన్నె తీసుకుని, ముసలి నడుం వంచి, తనే వడ్డించాడు. అత్త చెయ్యి అడ్డం పెట్టలేదు.