గొంతు లేని నాయన సాక్ష్యం

మొన్న ఆదివారం ప్రసంగం మధ్యలో కరెంటు పోయి మా చర్చిలో మైకు మూగబోయింది. వెనక బెంచీలవాళ్లు ఏమీ వినబడక దిక్కులు చూస్తుంటే, చివరి వరుసలో ఉన్న నేను పాస్టరుగారి పెదవులు చూస్తూ ప్రతి మాటా అందుకున్నాను. ఈ విద్య మా అమ్మ పెట్టిన భిక్ష.

అమ్మ పుదుచ్చేరిలో బట్టల మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసేది. ఆ మోతలో అరిచినా వినబడదు గనుక అక్కడి ఆడవాళ్లంతా పెదవులు చూసుకునే మాట్లాడుకునేవాళ్లు. ఎవరింట్లో ఏం కూరో, ఎవరి అత్త ఎందుకు సణుగుతోందో, అన్నీ అలాగే తెలిసిపోయేవి. చివరికి ఆ మోతే అమ్మ చెవులను తినేసింది. చర్చిలో పాట ఎత్తుకునే మనిషికి తన పాటే వినబడకుండా పోయింది.

మా నాయనకు అది మింగుడుపడలేదు. తెల్లారకముందే మోకరించేదానికి దేవుడిచ్చే కూలి ఇదేనా అని అలిగి చర్చికి రావడమే మానేశాడు. అమ్మ బతిమాలలేదు గానీ, బెంచీ మీద తన పక్కచోటు మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. నాయన ఆ చోటికి మళ్లీ వస్తాడా అన్నదే మా ఇంట్లో ఎవరమూ పైకి అనని దిగులు.

కొన్నేళ్లకు గొంతులో పుండు లేచి, ఆపరేషను చేసి నాయన స్వరపేటిక తీసేశారు. కళ్లు తెరిచి ఆయన ఏదో అడుగుతుంటే మాకెవరికీ అర్థం కాక, ఆయన మంచం పట్టీ గుద్దుతుంటే, కాళ్ల దగ్గర నిలబడ్డ అమ్మ తాపీగా అంది, "దిండు ఎత్తుగా ఉండాదంటాండాడు. ఏంది అట్టా చూస్తారు, తీయండి." దిండు తీయగానే నాయన ఏడ్చేశాడు. నొప్పికి కాదని నాకు తెలుసు.

ఇంటికొచ్చాక ఇద్దరూ పొద్దంతా కబుర్లే, పోట్లాటలు కూడాను. అమ్మ పక్కన కూర్చుని, ఆమె చెబుతుంటే నేనూ పెదవులు చదవడం అప్పుడే నేర్చుకున్నాను. ఒక ఆదివారం నాయన వచ్చి ఆ చోట కూర్చున్నాడు. దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి పెదవులు కదిపితే, అమ్మ ఆయన ముఖంలోకి చూస్తూ గట్టిగా చెప్పింది. "నా చెవులు ఎందుకు పోయినాయో ఆయనకు ఇంకా తెలీదంట, దేవుణ్ణి అడగడం మానడంట. అయితే తన గొంతు పోయినప్పుడు దేవుడు తనను ఒంటిగా వదల్లేదంట, దానికి స్తోత్రమంటాండాడు."

చర్చంతా స్తోత్రమని కేక పెట్టింది. అమ్మకది వినబడలేదు, అన్ని నోళ్లు ఒక్కసారి తెరుచుకోవడం చూసి పకపకా నవ్వింది.

ఇప్పుడా మిల్లు లేదు, వాళ్లిద్దరూ లేరు. చర్చిలో నాలుగు మూలలా స్పీకర్లున్నాయి గానీ, సాక్ష్యమంటే జబ్బు నయమైనవాళ్లే లేస్తున్నారు. నయం కానివాళ్లు కూడా లేచి నిలబడి సాక్ష్యం చెప్పిన కాలం నాది. భక్తిపరులకు బాధలెందుకని పిల్లలడిగితే, నాయన లేచి నిలబడ్డ ఆ ఆదివారం సంగతి చెబుతాను. మొన్న కరెంటు వచ్చి మైకు మోగాక కూడా నేను పెదవులే చూస్తూ కూర్చున్నాను.