హెలెన్ పట్టిన ప్యాకెట్లు, ఫిలిప్ వేసిన జాయింట్లు

మా మనవరాలు హెలెన్ ఐదేళ్లప్పుడు నా కుట్టుమిషను అడుగు విప్పి, ఉన్న ముక్కలన్నీ చాప మీద వరసగా పరిచింది. కొట్టడానికి చెయ్యెత్తాను. "ఉండు అమ్మమ్మా, మళ్లీ పెట్టేస్తాగా" అంది. పెట్టింది. ఒక స్క్రూ మిగిలింది. ఆ స్క్రూ ఇప్పటికీ నా పోపుల డబ్బాలోనే ఉంది. మిషనూ నడుస్తూనే ఉంది. ఆ స్క్రూ అక్కడ ఎందుకు పెట్టారో చేసినవాళ్లే చెప్పాలి.

నేను చదివింది మూడో తరగతి. పటమటలో చర్చి వెనక సందులో నలభై ఏళ్లు జాకెట్లు కుట్టాను. హెలెన్ మా అమ్మాయి అమలమ్మ కూతురు. అమలమ్మ నర్సు, ఊరూరికీ బదిలీలు. అందుకని పిల్ల నా దగ్గరే పెరిగింది. పాలిటెక్నిక్ చదివి, మా వీధి చివర ఉన్న కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసులో చేరింది. చేర్పించింది ఫిలిప్.

ఫిలిప్ ఆ ఆఫీసులో లైన్‌మ్యాన్. వెంట్రుకంత గాజుతీగలు రెండింటిని కొసాకొసా కలిపి అతికించడం అతని పని. మా ఇంటికి కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన రోజున హెలెన్ నిచ్చెన పట్టుకుని నుంచుని నూరు ప్రశ్నలడిగింది. ఇంకొకడైతే విసుక్కునేవాడు. ఫిలిప్ కిందకి దిగి, తీగ ముక్కొకటి ఇచ్చి, తొక్క ఎలా తియ్యాలో చూపించాడు. అప్పట్నుంచీ అది అతన్ని బాబాయ్ అంటుంది.

మొన్న వేసవి ముందు ఆ ఫిలిప్ మీదికే నింద వచ్చింది.

వాళ్ల ఆఫీసు ఒక కోచింగ్ కాలేజీకి ఇంటర్నెట్ ఇస్తుంది. అక్కడ పిల్లలు ప్రతి శనివారం కంప్యూటర్ల మీద మాదిరి పరీక్ష రాస్తారు. నాలుగు వారాలుగా పరీక్ష మధ్యలో కొందరికి తెర ఆగిపోతోంది. కాలేజీవాళ్లు ఆఫీసు మీద విరుచుకుపడ్డారు. ఆఫీసు యజమాని వెంకటకృష్ణారావుగారు వెళ్లి ఫిలిప్ మీద విరుచుకుపడ్డారు.

సోమవారం సాయంత్రం ఫిలిప్ మా అరుగు మీద కూలబడ్డాడు.

"ఏరా, మొహం అట్టా వేలాడేసుకొచ్చావ్?" అన్నాను.

"జాయింట్లు సరిగ్గా లేవంటున్నారమ్మా. వయసు మీదపడింది, చెయ్యి వణుకుతోంది నీకు అన్నారు. ఈ శనివారం కూడా పోయిందంటే ఇంక రావద్దన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ఏడుసార్లు విప్పి మళ్లీ వేశా. జాయింట్లు చూసే మిషను బాగానే ఉందంటోంది, అక్కడేమో ఆగిపోతోంది. నా చెయ్యే పోయిందేమోనమ్మా."

నాకు ఒళ్లు మండింది. పెట్టెలోంచి సన్నసూది తీసి చేతిలో పెట్టాను. "దారం ఎక్కించు."

"ఇప్పుడా?"

"ఎక్కించరా!"

అరుగు మీద వెలుతురు కూడా సరిగ్గా లేదు. మొదటిసారికే ఎక్కించాడు.

"నేను కళ్లజోడు పెట్టుకుని నాలుగుసార్లు పొడిస్తేగాని ఎక్కదు. ఇంక నోరు మూసుకుని టీ తాగు" అన్నాను.

హెలెన్ గుమ్మంలో నుంచుని అంతా వింటోంది. "బాబాయ్, జాయింట్ పోతే అందరికీ పోవాలిగా? నలభై మందిలో ఆరుగురికే ఎందుకు పోతోంది?" అంది.

ఆ ప్రశ్న రావుగారికి తట్టలేదు, ఫిలిప్‌కీ తట్టలేదు.

ఇంటర్నెట్ కుళాయి నీళ్లలా ధారగా రాదట. చిన్న చిన్న ప్యాకెట్లుగా వస్తుందట. ఒక్కో ప్యాకెట్టు మీద ఎక్కణ్నుంచి వస్తోందో, ఎక్కడికి పోతోందో రాసి ఉంటుంది. ఆఫీసులో ఉన్న పెద్ద కంప్యూటర్ గుండానే అన్నీ పోతాయి. అక్కడ కూర్చుని, వాటిని ఆపకుండా, పోయేవాటికి నకలు తీసుకుంటే పరీక్షని ఎవరు తెంపారో తెలిసిపోతుందని హెలెన్ లెక్క. ప్యాకెట్లు పట్టడం అంటారట దాన్ని.

కాలేజీలో బుధవారం చిన్న పరీక్ష ఉంటే, కంప్యూటర్లో ఉన్న సాధనంతోనే పట్టింది. తీరా చూస్తే, ఇన్ని పట్టాను, ఇన్ని జారవిడిచాను అని ఆ సాధనమే చెప్పేసింది. మూడోవంతు జారిపోయాయి. అంత రద్దీ ఆ లైన్లో. బెంజి సర్కిల్లో పొద్దున తొమ్మిదింటికి ఒక్కడు నుంచుని పోయే ప్రతి బండి నంబరూ రాసుకోమంటే ఏం రాస్తాడు?

అయినా ఉన్నదాంట్లో తమ తప్పు కనపడలేదని ఆ కాగితం పట్టుకుని కాలేజీకి వెళ్లింది. అక్కడ కంప్యూటర్లు చూసే పవన్‌కుమార్ కాగితం చూసి నవ్వాడట.

"మూడోవంతు లేని రికార్డు తెచ్చి మాకు చూపిస్తారేంటండీ? ఆ లేనిదాంట్లోనే మీ తప్పుందేమో!"

ఆ మాటలో న్యాయం ఉంది. కోపం వచ్చినా ఉందనే చెప్పాలి.

ఇంటికొచ్చి హెలెన్ నా మిషను పక్కన కూర్చుంది. "రెడీమేడ్ సరిపోవట్లేదు అమ్మమ్మా. గుడ్డ తెచ్చి కుట్టాల్సిందే."

"ఏం గుడ్డే?"

"ప్యాకెట్లని దార్లో పదిచోట్ల ఆపకుండా నేరుగా అందించే డ్రైవర్ ఒకటి ఉంది. కంప్యూటర్ గుండెలో కూర్చుంటది అది. దాని సోర్సు కోడు, అంటే రాసినవాళ్ల అసలు రాత, ఎవరైనా తీసుకోవచ్చు. మన కంప్యూటర్ కొలతకి మనమే తయారు చేసుకోవాలి. దాన్ని కంపైల్ చెయ్యడం అంటారు. ముందు డ్రైవరు, దాని మీద దాని లైబ్రరీ, అంటే పనిముట్ల సంచి లాంటిది, దాని మీద ప్యాకెట్లు పట్టే లైబ్రరీ, ఆఖర్న సాధనం. ఈ వరస తప్పితే ఏదీ అతకదు."

"చంకముక్క వెయ్యకుండా చెయ్యి అతికిస్తే అట్టాగే ఉంటది" అన్నాను. నవ్వింది.

గురువారం రోజంతా ఆ పనే. మధ్యాహ్నం క్యారియర్ తీసుకెళ్లి చూశాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వరద కాలవలా పోతున్నాయి. తప్పు ఒక్కటీ చూపించకుండా తయారైంది. తీరా డ్రైవర్ని లోపలికి ఎక్కించబోతే కంప్యూటర్ ఒక్క ముక్కలో కాదు పొమ్మంది. మళ్లీ మొదలెట్టింది. మళ్లీ కాదంది. ఇంకో రకం సోర్సు తెచ్చింది. అదీ అంతే. ఫిలిప్ పక్కన కూర్చుని తన గోళ్లు చూసుకుంటున్నాడు.

శుక్రవారం పొద్దున పెసరట్టు వేసి పెడితే, అది ముక్క తుంచి చేత్తో పట్టుకుని గోడకేసి చూస్తోంది.

"కుట్టు బాగానే ఉందమ్మమ్మా. ఒక్క కుట్టు కూడా తప్పలేదు. అయినా ఎక్కట్లేదు."

"ఎవరి ఆది మీద కోశావు?"

ఇది ఇప్పటి పిల్లలకి చెప్పాలి. మా దగ్గర జాకెట్టుకి టేపు పెట్టి కొలిచేది తక్కువ. సరిగ్గా పట్టే పాత జాకెట్టొకటి తెచ్చి ఇస్తారు, దాన్ని ఆది పెట్టుకుని కొత్తది కోస్తాం. కాలవ గట్టు మీది సుబ్బరత్నం ఒకసారి కూతురి పెళ్లికని పట్టుగుడ్డ తెచ్చింది, ఆది జాకెట్టు ఇచ్చింది. నేను వంక పెట్టడానికి లేకుండా కుట్టాను. పెళ్లినాడు చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. తీరా చూస్తే ఆవిడ ఇచ్చిన ఆది చిన్నకూతురిది. బీరువాలో పైనున్నది తీసి ఇచ్చేసింది. మర్నాడొచ్చి నా మీద అరిచింది. నేనేం తక్కువ అరవలేదు.

హెలెన్‌కి ఆ కథ తెలుసు. పెసరట్టు పళ్లెంలో పడేసింది. "అమ్మమ్మా... బీరువాలో పైనున్నదే తీసుకున్నా నేను!"

చెయ్యి కడుక్కోకుండానే లేచింది. నడుస్తూ చెప్పింది, నేను వెనకాలే. ఆ కంప్యూటర్‌కి నాలుగు నెలల కిందట కొత్త గుండె, అంటే దాన్నంతా నడిపించే ప్రోగ్రాము, తెచ్చి లోపల పెట్టారట. కొలతలు కూడా కొత్తవి దించారు. కానీ కంప్యూటర్ని ఒకసారి ఆపి మళ్లీ పెడితేగాని కొత్తది పనిలోకి రాదు. ఎవరూ ఆపలేదు. నడుస్తున్నది పాత గుండె, బీరువాలో ఉన్నది కొత్త ఆది.

"ఆపి మళ్లీ పెట్టు మరి."

"ఆపితే సగం పటమటకి ఇంటర్నెట్ పోద్ది. బాబాయ్‌తో పాటు నన్నూ ఇంటికి పంపిస్తారు. వద్దు, పాత ఆదే వెతుకుతా."

పాత కొలతలు పారెయ్యకుండా దాచి ఉంచే చోటొకటి ఉందట. దొరికాయి. వాటి మీద మళ్లీ కంపైల్ చేసింది. ఈసారి డ్రైవర్ కిమ్మనకుండా లోపలికెళ్లి కూర్చుంది. ఆ తర్వాత లైబ్రరీ, దాని మీద ఇంకో లైబ్రరీ, ఆఖరికి సాధనం. సాయంత్రానికి మొత్తం అయింది. ఫిలిప్ మొహం మాత్రం తేటపడలేదు. డ్రైవర్ ఎక్కితే మాత్రం తప్పు తనది కాదని తేలినట్టు కాదుగా.

శనివారం పది గంటలకి పరీక్ష. నేను క్యారియర్లో అన్నం, చారు, వంకాయ కూర పెట్టుకుని ముందే వెళ్లి కూర్చున్నాను. రావుగారు నన్ను చూసి, "మీరెందుకండీ ఇక్కడ?" అన్నారు.

"చెయ్యి ఎవరిది వణుకుతుందో చూద్దామని" అన్నాను.

కుర్చీ వేశారు. ఫిలిప్ కుర్చీలో కూర్చోకుండా గుమ్మానికి ఆనుకుని నుంచున్నాడు.

గంట గడిచింది. ఏమీ కాలేదు. పదకొండుంపావుకి ఫోన్ మోగింది. అవతల పవన్‌కుమార్ అరుస్తున్నాడు. "పోయిందండీ! ఐదుగురికి పోయింది! నేను చెప్పలా?"

రావుగారు ఫిలిప్ వంక చూశారు. ఫిలిప్ నేల వంక చూశాడు. హెలెన్ ఎవరి వంకా చూడలేదు. పట్టడం ఆపి, కింద వచ్చిన లెక్క చదివింది.

"జారిపోయినవి సున్నా" అంది.

తర్వాత ఆ ఐదుగురివి ఒక్కొక్కటీ వెనక్కి తిప్పుకుంటూ వెళ్లింది.

"ఇదిగోండి సార్, తెంచెయ్యమని చెప్పిన ప్యాకెట్టు. వచ్చింది మన దగ్గర్నుంచి కాదు, పరీక్ష పెట్టేవాళ్ల దగ్గర్నుంచీ కాదు. కాలేజీలోకి నెట్ వచ్చే చోట కాపలాకి వాళ్లే పెట్టుకున్న పెట్టె ఉంది చూడండి, అందులోంచి. ఐదింటికీ అదే. ఒక్కోదానికి ముందు సరిగ్గా పది నిమిషాలు ఒక్క ప్యాకెట్టు కూడా లేదు. ఎవరూ లేరనుకుని తలుపేసేసింది."

రావుగారు నమ్మలేదు. "పరీక్ష రాస్తూ పది నిమిషాలు చేతులు ముడుచుకుని ఎవరు కూర్చుంటారమ్మా?"

గుమ్మం దగ్గర్నుంచి ఫిలిప్ అన్నాడు, "లెక్కలండీ."

అందరం అటు తిరిగాం.

"పదకొండు తర్వాత లెక్కలు. మా అమ్మాయి ఏంజెల్ కూడా కోచింగ్‌కి వెళ్తదండీ. నాలుగైదు లెక్కలు కాగితం మీద చేసుకుని, అప్పుడు అన్నీ ఒకేసారి నొక్కమని మాస్టార్లే చెప్తారు. అప్పటిదాకా మౌసు ముట్టుకోదు."

రావుగారు ఫోన్ తీసుకున్నారు. అరగంటలో పవన్‌కుమార్ వచ్చాడు. తెర మీద సున్నా చూశాడు, తమ పెట్టె పేరు చూశాడు. మనిషి మంచివాడే. మొహం ఎర్రబడింది గాని దబాయించలేదు. "పోయిన నెల కొత్త పెట్టె పెట్టామండీ. ఖాళీగా ఉన్నవి పది నిమిషాలకి తెంచమని పెట్టింది నేనే" అన్నాడు. అక్కడ్నుంచే ఫోన్ చేసి ఆ పది నిమిషాల్ని రెండు గంటలకి మార్పించాడు. రెండో బ్యాచ్ మధ్యాహ్నం కూర్చుంది. లెక్కలు మొదలై, అయిపోయాయి. ఎవరికీ తెర ఆగలేదు.

రావుగారు గొంతు సవరించుకున్నారు. "ఫిలిప్, సోమవారం నుంచి ఇబ్రహీంపట్నం కొత్త లైను. జాయింట్లన్నీ నువ్వే చూసుకో."

అంతేనా అన్నట్టు నేను కుర్చీలోంచి కదల్లేదు. "అయ్యా, వణుకుడు సంగతి మర్చిపోయారు" అన్నాను.

ఆయన ఫిలిప్ వైపు తిరిగారు. "తొందరపడి అన్నానయ్యా. మనసులో పెట్టుకోకు."

ఫిలిప్ సరేనన్నట్టు తలూపాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. క్యారియర్ విప్పి పెడితే గిన్నె ఊడ్చేశాడు. సోమవారం నుంచీ సరిగ్గా తినలేదని వాళ్లావిడ తర్వాత చెప్పింది.

హెలెన్ ఇంకా కంప్యూటర్ దగ్గరే ఉంది. చేసినదంతా వరసగా నోటుబుక్కులో రాసుకుంటోంది, ఏది ముందో ఏది తర్వాతో. మొదటి పేజీలో అన్నిటికంటే పైన ఏం రాసిందని అడిగితే చదివి వినిపించింది.

"కొయ్యబోయే ముందు ఆది ఎవరిదో చూసుకో."

"వంకరగా రాశావు" అన్నాను. కళ్లజోడు లేక అక్షరాలు ఆనకపోయినా నాకు గీత వంకర తెలుస్తుంది.

ఫిలిప్ చెయ్యి తుడుచుకుని వచ్చి దాని పక్కన కుర్చీ లాక్కున్నాడు. "మొదట్నుంచి చెప్పమ్మా నాకు. ఆ డ్రైవర్ దగ్గర్నుంచి" అన్నాడు.

"నూరు ప్రశ్నలు అడగాలి మరి బాబాయ్" అంది హెలెన్.