నాలుగడుగుల గొట్టం

మా ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో బ్రేకుల ఫిట్టర్. గాలి గొట్టాల విషయంలో తనకి ఎదురు చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం. తొంభైల మొదట్లో అండమాన్ ప్రయాణం అనుకున్నాక, అక్కడి పగడపు దిబ్బలు చూసొచ్చిన స్నేహితుడొకాయన నోట్లో పెట్టుకునే గొట్టం చూపించాడు. జానెడున్నర ఉంటుంది. నీటి మీద బోర్లా తేలుతూ, దాంతో ఊపిరి పీలుస్తూ కిందికి చూడాలట.

"పైనుంచి సూడ్డానికి అంత దూరం ఎల్లాలేటి?" అని ఈయన గోల్‌బజార్‌లో ప్లాస్టిక్ గొట్టం కొని నాలుగడుగులది తయారుచేశారు. పగడాల మధ్యే నిలబడి చూస్తారట. క్వార్టర్ పెరట్లో నీళ్ళ డ్రమ్ములో తల మాత్రం ముంచి పరీక్షించారు. బాగానే పనిచేసింది. నేనూ మెచ్చుకున్నాను, నా ఖర్మ.

అండమాన్‌లో మమ్మల్ని పడవెక్కించుకున్నతను శ్రీకాకుళం వైపు నుంచి వలసొచ్చిన జాలరి. గొట్టం చూడగానే తల అడ్డంగా ఊపాడు.

"ఇంత పొడుగుదాంతో ఎవులూ దిగరు బాబూ. నీటి బరువు రొమ్ముని నొక్కేస్తాది, ఊపిరందదు."

"రైల్లో ఇంజిన్ కాడ పీలిస్తే బ్రేకు గొట్టంలో గార్డు పెట్టె దాకా గాలి లాగుతాది. నాలుగడుగులొక లెక్కా?" అన్నారు ఈయన.

తేలిపోకుండా నడుముకి లంగరు రాయి కట్టుకున్నారు. దాంతోపాటు ఇంకో తాడు కట్టి, కొస నా చేతికిచ్చారు. "నాను రెండుసార్లు కదిపితే పైకి లాగు. కదపకుండా మాత్రం లాగొద్దు." తర్వాత దిగాల్సింది పదమూడేళ్ళ మా అమ్మాయి. నీళ్ళద్దాలు పెట్టుకుని సిద్ధంగా కూర్చుంది.

ఆయన మునిగారు. నీళ్ళు తేటగా ఉన్నాయి. పసుప్పచ్చ పగడాల మధ్య ఇసుకలో నిలబడ్డ మనిషి పైకే కనిపిస్తున్నారు. గొట్టం కొస నీటిపైన వేలెడు ఉంది. అందులోంచి బుస్సుమని గాలి బయటికొచ్చింది. లోపలికి పీల్చే చప్పుడు కోసం చెవులు రిక్కించాను. రాలేదు.

తాడు కదల్లేదు. లాగితే పరాయివాడి ముందు పరువు తీశానంటారు, ఇంటికెళ్ళేదాకా మాట్లాడరు. లాగకపోతే? ఆయన భుజాలు పైకి లేచాయి. మళ్ళీ లేచాయి. గొట్టంలో చప్పుడు లేదు.

"నాన్న ఏటి సేస్తన్నారమ్మా?" అంది అమ్మాయి.

పరువు గంగలో కలవనీ అనుకున్నాను. పడవతనూ నేనూ కలిసి లాగాం. రాయి బరువుకి తాడు నా అరచేతుల్ని కోసేసింది. పడవలో పడేసరికి ఆయన పెదవులు నల్లబడ్డాయి. చాలాసేపు దగ్గారు.

"తాడెందుకు కదపలేదండీ? మీరు సచ్చిపోతే మేమేటైపోవాలి?" అని ఏడుస్తూ అడిగాను.

"పిల్ల దిగాల కదేటి. ఎక్కడ తప్పిందో తెలీకుండా దానికి గొట్టం ఎలాగిస్తాను? ఇంకొక్కసారి పీల్చి సూద్దారనుకున్నాను."

పెళ్ళయిన పదిహేనేళ్ళలో మొదటిసారి ఆయన చెంప మీద కొట్టాను. ఆ చెంపనే నా భుజానికి ఆనించి, అమ్మాయి చూస్తుండగానే ఏడ్చారు.