ఖడ్గమృగాల తరుగు

నా చిన్నప్పుడు నేను చేసినంత గొప్ప బేరం బందరులో ఇంతవరకూ ఎవరూ చేసి ఉండరు. మోపిదేవి గుడి బయట ఒకతను ఖడ్గమృగం కొమ్ము ముక్క అమ్ముతూ, అరగదీసి తేనెలో కలిపి తినిపిస్తే ఎంతటి ఉబ్బసమైనా పోతుందన్నాడు. నా కాళ్ళకున్న వెండి పట్టీలు రెండూ ఇమ్మన్నాడు. మాది పప్పుల కొట్టు. అడిగినంత ఇచ్చేయడం మా ఇంటావంటా లేదు. అరగంట బేరమాడి ఒక్క పట్టీకే తెగ్గొట్టాను. మిగిలిన ఒంటి పట్టీని ఏం చేసుకోవాలన్నది మాత్రం బస్సు చల్లపల్లి దాటాక తట్టింది.

ఆ మందు మా తాతయ్య కోసం. చలికాలం వస్తే ఆయన పడుకోలేడు, పడుకుంటే ఊపిరి అందదు. అందుకే ఇంట్లో ఎవరూ నన్ను గట్టిగా తిట్టలేకపోయారు. ముక్క అసలుదో కాదో తేల్చగలిగింది మా చిన్న మావయ్యే. అస్సాంలో ఖడ్గమృగాలుండే అడవికి కాపలాదారు. ఆ వారమే సెలవు మీద వచ్చాడు.

కొట్లో నలుగురి మధ్యా ముక్కను వెలుతురుకు పట్టి, లోపలి డొల్ల చూసి, హమ్మయ్య అనుకున్నాడు.

"గేదె కొమ్మే అమ్మడూ. ఖడ్గమృగం కొమ్ముకి డొల్ల ఉండదు. బతికించావు."

నాకు ఏడుపొచ్చింది. అసలుదైతే తాతయ్యకి తగ్గేది కదా అన్నాను.

"తగ్గదమ్మా. అదీ మన గోళ్ళలాంటిదే, అందులో మందేం లేదు. అసలుదే అయితే, ఇది నీ చేతికి రావడానికి అక్కడ ఒకటి చచ్చుండాలి. దాని వెనక పాలు తాగే పిల్ల ఉంటే అదీ బతకదు."

కొట్టు పిల్లని, ఊరుకుంటానా? ఖడ్గమృగాలు ఏటేటా పెరుగుతున్నాయని నువ్వే చెప్పావు, ఒకటి పోతే ఏమయిందన్నాను. మావయ్య కోప్పడకుండా మా నాన్న తరుగు పుస్తకం తెమ్మన్నాడు. ఎలుకలు తిన్నది, చెమ్మకు బూజు పట్టినది, తూకంలో తగ్గినది దేనికది విడిగా రాసే పుస్తకం అది. పోయినేటికన్నా బస్తాలు ఎక్కువున్నాయని మీ నాన్న ఎలుకల్ని వదిలేస్తున్నాడా అని అడిగాడు.

తన పనీ అదేనట. ఒకప్పుడు వేటగాళ్ళ పుణ్యమా అని దాదాపు తుడిచిపెట్టుకుపోయిన జాతి, కాపలా పెట్టాక మెల్లగా కోలుకుంది. తల్లి కొన్నేళ్ళకోసారి ఒక్క పిల్లనే కంటుంది మరి. బతికున్నవాటిని లెక్కపెట్టడానికి ఏనుగులెక్కి చాలామంది వస్తారు. చచ్చినవాటిని వెతికేది కాపలావాళ్ళు. రాబందులు తిరిగే చోటికి మనిషెత్తు గడ్డిలో నడిచి వెళ్ళాలి. ముసలితనమా, వరదా, మగవాటి పోట్లాటా, పిల్లయితే పులా, లేక కొమ్ము కోసుకుపోయిన మనిషా, తేల్చి రాయాలి. కారణం తప్పు రాస్తే, ఆపగలిగిన చావే మళ్ళీ వస్తుంది.

"ఈ ఏడు నా వైపు కొమ్ము కోసిన చావు ఒక్కటీ లేదు," అన్నాడు చివరికి, మెల్లగా.

సరుక్కొచ్చినవాళ్ళు సంచులు చేత్తో పట్టుకుని ఆయన్నే చూస్తూ నిలబడిపోయారు. ఈయన మా మావయ్య అని మళ్ళీ మళ్ళీ చెప్పాలనిపించింది నాకు. మా కొట్టు పుస్తకాలన్నీ తిరగేసినా అంత గొప్ప పద్దు దొరకదు.

ఇప్పటికీ పేపర్లో ఖడ్గమృగాలు పెరిగాయని చదివితే, పోయినవి ఎలా పోయాయో రాశారా అని వెతుకుతాను.

ఇక నా బేరం సంగతి. పట్టీ ఒకటి పోయింది, రెండోది ఎందుకూ కొరగాలేదు. తాతయ్య ఉబ్బసం తగ్గలేదు. నా వల్ల ఏ ప్రాణమూ పోలేదు. కానీ ఆ ఘనత నన్ను మోసం చేసినవాడిదే, నాది కాదు. నేను మాత్రం అసలుదనుకునే కొన్నాను.