లాకుల బంగళాలో ఆత్మ

శౌరమ్మకు దెయ్యాల కార్యక్రమమంటే ప్రాణం. రెండువేల ఏడులో టీవీలో అది ప్రతి శనివారం రాత్రి వచ్చేది. పొద్దు పోయాక ఆవిడ మేలుకుని ఉండలేదు కాబట్టి ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ వేసినప్పుడు పేరమ్మ ఇంట్లో చూసేది. పేరమ్మ బందరు నుంచి ఎండుచేపలు తెచ్చి మా ఊళ్ళోనూ ఉయ్యూరు సంతలోనూ అమ్మేది. ఆదివారం ఇద్దరూ గుడికి వెళ్ళేవాళ్ళు, ఇద్దరూ పూజ అయ్యిందనే చెప్పేవాళ్ళు. శౌరమ్మది మేరీమాత గుడి, పేరమ్మది గంగమ్మ గుడి. తిరిగివచ్చి ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు.

టీవీలో నల్లచొక్కా అబ్బాయి ఒకడు పాడుబడిన ఇంట్లో టార్చి పట్టుకుని రొప్పుతూ నడిచేవాడు. చేతిలో ఎర్రలైటు మీటరు కుయ్యిమనేది. "ఇక్కడ ఏదో ఉంది" అనేవాడు. వెంటనే సబ్బు ప్రకటన.

"ఏదో ఉంది, ఏదో ఉంది అంటాడు గానీ, ఆ ఏదో ఏంటో ఒక్కసారన్నా చూపించడేందే?" అనేది శౌరమ్మ.

"చూపించేస్తే వచ్చేవారం నువ్వు చూస్తావా?" అనేది పేరమ్మ.

చూడటంతో ఆవిడ ఆగేది కాదు. టీవీలో చూపించిన చోటు బస్సుకు అందే దూరంలో ఉంటే పేరమ్మను లాక్కుని వెళ్ళేది. విజయవాడ వన్ టౌన్‌లో తాళం వేసిన పాత గోడౌను ఒకటుంది, మెట్లెక్కే చప్పుడు వినిపిస్తుందని చూపించారు. వీళ్ళు వెళ్ళేసరికి కాపలాదారు భార్య గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. ఎండన పడి వచ్చారని కూర్చోబెట్టి ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. చప్పుడు సంగతి అడిగితే, "పందికొక్కులండీ. మా ఆయన టీవీవాళ్ళకి చెప్పాడు గానీ వాళ్ళు రాసుకోలేదు" అందట. మంగళగిరిలో దెయ్యం మగ్గం నేస్తోందన్న ఇంటి పక్కింట్లో ఒక ముసలాయన నిజంగానే నేస్తున్నాడు. ఎక్కడికి వెళ్ళినా శౌరమ్మ గోడ మీద చెయ్యివేసి, అక్కడ చనిపోయినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకు శాంతి కలగాలని ఒక జపం చెప్పుకుని వచ్చేది. పేరమ్మ పక్కన నిలబడి కళ్ళు మూసుకునేది. ఊరుకోవడం ఎందుకని తానూ గంగమ్మను తలుచుకునేదట.

మా ఊరి కాలువ గట్టున, నీళ్ళు ఆపి వదిలే లాకుల పక్కన, లాకుల బంగళా ఉంది. కాలువ పనివాళ్ళు ఖాళీ చేశాక అంగన్‌వాడీకి ఇచ్చారు. అందులో నేను టీచరుని, శౌరమ్మ ఆయా. చెరకు నరకడానికో వరినాట్లకో వెళ్ళే తల్లులు పొద్దున్నే పిల్లల్ని దింపి వెళ్ళేవాళ్ళు. ఇరవైరెండు మంది. శౌరమ్మ అందరికంటే ముందు వచ్చి తలుపు తీసి, వాకిలి ఊడ్చి, గుమ్మం దగ్గర ఒక నిమిషం కళ్ళు మూసుకునేది. తర్వాత ఉప్మాకు పొయ్యి వెలిగించేది. గుడ్డు వద్దని ఏడ్చే పిల్లకు పచ్చసొన తీసేసి తెల్లసొన పెట్టేది. అమ్మ కోసం ఏడ్చే పిల్లను చంకనేసుకుని లాకు దాకా నడిచి నీళ్ళు చూపించేది. ఈ పనులేవీ నేను ఎన్నడూ చెప్పి చేయించలేదు.

గాలి వీచినప్పుడు ఆ బంగళాలో ఈల వినిపించేది. ఎప్పుడో లాకు తలుపులెత్తే లస్కరు ఒకడు నీళ్ళలో పడి పోయాడని, ఆ ఈల వాడిదేనని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. మేం పట్టించుకునేవాళ్ళం కాదు. ఆ ఈల సంగతి ఎవరి నోట పడి ఎక్కడికి చేరిందో, కార్తీక మాసంలో ఒక గురువారం టీవీ వ్యాను మా గట్టు మీద ఆగింది.

నేను ఆ రోజు మీటింగుకు ఉయ్యూరు వెళ్ళాను. పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోయారు, శౌరమ్మ ఒక్కతే ఉంది. వారం వారం టీవీలో చూసే నల్లచొక్కా అబ్బాయి ఎదురుగా నిలబడేసరికి ఆవిడకు కాలు నిలవలేదు. స్టూలు వేసింది. ఇంటికి పరుగెత్తి ఇంట్లో ఉన్న పాలతో టీ పెట్టుకొచ్చింది. బిస్కట్లు లేవని నొచ్చుకుంది. అతను మర్యాదగానే అడిగాడట.

"ఈ బంగళాలో మీకు భయం వెయ్యదామ్మా?"

"ఎందుకు బాబూ? పొద్దున్నే ప్రార్థన చేసుకుంటాగా."

"ఇక్కడ ఆత్మ ఉందని మీరు నమ్ముతారా?"

ఇన్ని వారాలు ఆ కార్యక్రమంలో దెయ్యమనీ పిశాచమనీ విన్నదే గానీ ఆత్మ అన్న మాట ఆవిడ వినలేదు. ఆవిడకు తెలిసిన ఆత్మ ఒక్కటే. చిన్నప్పటినుంచి నుదుటి మీదా గుండె మీదా సిలువ గుర్తు వేసుకుంటూ తండ్రి, కుమారుడు అయ్యాక చెప్పే మూడోపేరు, పవిత్రాత్మ. తాను ప్రార్థన అనగానే ఆ మాట అడిగాడు కనుక పిల్లాడు భక్తిపరుడనుకుంది.

"ఎందుకుండదు బాబూ! ఆత్మ లేకుండా ఎట్టా? తలుపు తియ్యగానే ఆత్మనే పిలుస్తాను. పిల్లలందరి మీదికీ రమ్మని అడుగుతాను. వస్తుంది కూడా."

ఆ ఆదివారం పేరమ్మ ఇంట్లో నేనూ ఉన్నాను. తెర మీద మా బంగళా నీలంగా, చీకటిగా కనిపించింది. ఎక్కడివో కుక్కలు ఊళ పెట్టాయి. ఈల వినిపించింది. శౌరమ్మ ముఖం తెర నిండా వచ్చింది. "పిల్లలందరి మీదికీ రమ్మని అడుగుతాను. వస్తుంది కూడా." ఆ మాట మూడుసార్లు వేశారు. "విన్నారుగా! పసిపిల్లల మీదికి ఆత్మను రప్పిస్తున్న ఆయా!" అన్నాడు నల్లచొక్కా.

పేరమ్మ గబుక్కున టీవీ కట్టేసింది. "ఒసే శౌరీ, వాడితో ఏం చెప్పావే?"

"నేను చెప్పిందే చెప్పానే. వాడు వినిందే వేరు" అంది శౌరమ్మ.

సోమవారం ముగ్గురే పిల్లలు వచ్చారు. ముగ్గురూ శౌరమ్మ పేటవాళ్ళు, మేరీమాత గుడికి వెళ్ళే ఇళ్ళవాళ్ళు. ఆ మాట అర్థమైన ఇళ్ళు అవే. మిగతా పందొమ్మిది మందినీ తల్లులు పొలానికి తీసుకుపోయారు. నాలుగురోజుల తర్వాత సాయంత్రం, ఆ తల్లుల్లో ఒకతైన పద్మశ్రీ తన కూతుర్ని చంకనేసుకుని గట్టు మీద వెళ్తుంటే చూశాం. చెరకు ఆకు కోసి పిల్ల రెండు చేతులూ గీతలు గీతలుగా ఉన్నాయి. శౌరమ్మ కొబ్బరినూనె గిన్నె పట్టుకుని ఎదురెళ్ళింది. పద్మశ్రీ రెండడుగులు వెనక్కి వేసింది.

"దాన్ని ముట్టుకోకు అత్తా. నీ మీద నాకు కోపం లేదు. నాకు భయం."

శౌరమ్మ గిన్నె కింద పెట్టి దూరంగా జరిగి నిలబడింది. పద్మశ్రీయే వంగి నూనె తీసుకుని పిల్లకు రాసింది.

ఆ వారమే మా సూపర్‌వైజరు పద్మావతమ్మగారు వచ్చారు. చెడ్డమనిషి కాదు. పిల్లలకు పలకలు తన చేతి డబ్బుతో కొన్న మనిషి. నెలాఖరుకు పదిహేనుమంది కనిపించకపోతే కేంద్రాన్ని కాలువ అవతలి ఊరికి మారుస్తారని చెప్పి, ఒక కాయితం తీశారు. రాసి తెచ్చారు. 'ఈ భవనంలో ఏ ఆత్మా లేదనీ, నేను చెప్పినది అబద్ధమనీ ఒప్పుకుంటున్నాను.'

"సంతకం పెట్టు శౌరమ్మా. రామాలయం మైకులో చదివిస్తాను. రేపటికల్లా పిల్లలొస్తారు."

శౌరమ్మ కూడబలుక్కుని చదివింది. ఐదో తరగతి దాకా చదువుకుంది.

"దెయ్యం లేదని రాయండమ్మా, ఇప్పుడే పెడతాను. పిశాచం లేదని రాయండి. లస్కరు లేడని రాయండి. ఈ మాట మాత్రం నా చేత కాదు."

"టీవీలో ఆత్మ అన్నావు. ఊరంతా ఆత్మ అంటోంది. దెయ్యం లేదని రాస్తే, చూశావా, ఆత్మ లేదని మాత్రం అనలేదే అంటారు."

"అంటే అననివ్వండి."

"పేరులో ఏముంది శౌరమ్మా? నీ దేవుడు నిన్ను అర్థం చేసుకోడా?"

"ఆయన ఏ పాపమన్నా మన్నిస్తాడంట. ఆత్మని కాదన్న పాపం ఒక్కటే మన్నించడంట. మా మేరీమాత గుడి స్వాములవారు చెప్పారు. నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యండమ్మా. మాట మాత్రం వెనక్కి తీసుకోను."

పద్మావతమ్మగారు నావైపు చూశారు. నేనేమంటాను? నా ఉద్యోగమూ అందులోనే ఉంది. కానీ నన్ను మా ఇంటి దేవుణ్ణి కాదని రాయమంటే నేను రాస్తానా? ఆవిడ కాయితం మడిచి, నెలాఖరుకు వస్తానని వెళ్ళారు.

మర్నాడు మధ్యాహ్నం శౌరమ్మ చెరకుతోట దగ్గరికి వెళ్ళింది. తల్లులు అన్నాలు తింటున్నారు. దూరంగానే నిలబడి అరిచింది.

"ఏమ్మా, వింటన్నారా! నేను దెయ్యాల కొంపలు పదకొండు చూశాను. వన్ టౌన్‌లో పందికొక్కులు, మంగళగిరిలో మగ్గం, ఇంకోచోట పావురాలు. మన ఈల సంగతి కూడా ఇవాళే తేలుద్దాం. టీవీవాడు రాత్రి టార్చి వేసుకుని వెతికాడు. మనం పట్టపగలు వెతుకుదాం. పిల్లల్ని తేవొద్దు. మీరు రండి. వచ్చే దమ్ము లేకపోతే నన్ను తిట్టే హక్కూ లేదు!"

దమ్ము అన్నాక రాక తప్పలేదు. పదిమందికి పైగా వచ్చారు, ముందు చెరకు కత్తితో పద్మశ్రీ. గాలి బాగా ఉంది. ఈల మొదలైంది. ఇద్దరు మెట్ల దగ్గరే ఆగిపోయారు. శౌరమ్మ చెవి రిక్కించి గోడ వెంట నడిచింది. వెనకవైపు, ఒకప్పుడు జెండా కట్టిన ఇనుపగొట్టం గోడకు బిగించి ఉంది. పైన నోరు తెరుచుకుని ఉంది, నడుమ తుప్పు తిని చిల్లు పడింది. చీరకొంగు ఉండచుట్టి ఆ చిల్లులో కుక్కింది. ఈల ఆగింది. కొంగు లాగింది. ఈల వచ్చింది.

"రా పద్మా, నువ్వు పెట్టు వేలు."

పద్మశ్రీ వేలు పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. ఆడవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ వంతులవారీగా ఈల వేయించారు. నవ్వులే నవ్వులు. అంతలో పద్మశ్రీ నవ్వు ఆపింది.

"ఈల సరే అత్తా. మరి మా పిల్లల మీదికి రప్పిస్తానన్నావే, అదేంది? అది లేదని ఒక్కమాట చెప్పు. రేపే పంపిస్తాం."

అందరూ ఆవిడ నోటివైపు చూశారు. ఒక్కమాట చెబితే అయిపోయేది.

"ఉంది" అంది శౌరమ్మ. "మీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. లేదని మాత్రం చెప్పను. అది చచ్చినవాళ్ళది కాదే. దేవుడిది. మీ పిల్లలు జారి కాలవలో పడకుండా చూడమని, జ్వరాలు రాకుండా చూడమని రోజూ పిలుస్తాను. రేపూ పిలుస్తాను. మీ పిల్లలు రాకపోయినా, వాళ్ళు తోటలో ఉన్నా, వాళ్ళ పేర్లు చెప్పే పిలుస్తాను. ఏం చేస్తారో చేసుకోండి."

అప్పుడు గట్టు మీదినుంచి పేరమ్మ దిగింది. నెత్తిన గంప, చంకలో మూడేళ్ళ మనవరాలు. అంతా విన్నట్టుంది.

"ఏమే పద్మా, మొన్న జాతరలో మీ అత్తగారి మీదికి అమ్మవారు వచ్చిందా?"

"వచ్చింది."

"పారిపోయావా, కాళ్ళకి పసుపు రాశావా?"

"రాశాను."

"మరి మన దేవత మనుషుల మీదికి వస్తే దణ్ణమా, దాని దేవుడు వస్తే దడుపా? ఇదేం న్యాయమే?" అని మనవరాలిని దించి శౌరమ్మ చేతుల్లో పెట్టింది. "ఇదిగో, ముందు నా మనవరాలి మీదికి రమ్మను మీ ఆత్మని. దీనికి మహా పెంకితనం. కాస్త తగ్గిస్తుందేమో చూద్దాం."

ఎవరో ఫక్కున నవ్వారు. పద్మశ్రీ నవ్వలేదు. ఆలోచిస్తూ కత్తి తీసుకుని తోటకు వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున కూతుర్ని తెచ్చి గుమ్మం బయట నిలబెట్టి, "నువ్వు పిలిచేటప్పుడు నేను ఇక్కడే ఉంటాను" అంది. శౌరమ్మ కళ్ళు మూసుకుని పిలిచింది. పిల్లలందరి పేర్లూ వరసగా చెప్పింది. పద్మశ్రీ తన కూతురి పేరు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి నిలబడి, పేరు విన్నాక కొడవలి తీసుకుని పనికి వెళ్ళింది.

నెలాఖరుకు పద్దెనిమిదిమంది అయ్యారు. నలుగురు రానే లేదు. వాళ్ళ గుమ్మాలకు నిమ్మకాయలు వేలాడుతూనే ఉన్నాయి. శౌరమ్మ రోజూ ఆ నలుగురి పేర్లూ చెప్పేది.

పద్మావతమ్మగారు వచ్చి వరండాలోనే నిలబడి కిటికీలోంచి తలలు లెక్కపెట్టుకున్నారు. మళ్ళీ అదే కాయితం తీశారు.

"కేంద్రం నిలిచింది, సంతోషం. పై ఆఫీసువాళ్ళు అడుగుతున్నారు. ఇప్పుడైనా సంతకం పెట్టు. నీకేం పోతుంది?"

"పిల్లలొచ్చారుగా అమ్మా. ఆ కాయితం చూసి రాలేదు వాళ్ళు."

"మొండిదానివి."

"అవునమ్మా."

ఆవిడ నిట్టూర్చి కాయితం తిరగేశారు. వెనకవైపు ఈల గొట్టం వల్ల వచ్చిందనీ, గొట్టం మూయించామనీ రాసుకున్నారు. ఆత్మ గురించి ఏమీ రాయలేదు. కలం మూసి, చెప్పులు విప్పి, గుమ్మం దగ్గర ఆగిపోయారు. పోయినసారి కూడా ఆవిడ వరండా దాటలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"శౌరమ్మా" అన్నారు గొంతు తగ్గించి, "నేను లోపలికి రావచ్చంటావా?"

"రండమ్మా. ఆయన ఎవర్నీ ఏమీ అనడు."

పద్మావతమ్మగారు కొంగు భుజం చుట్టూ కప్పుకుని, కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చారు.