పిక్కలు కొట్టే ఆమె గురించి అరపేజీ

మా చర్చి సంఘ పత్రికలో మరణవార్తలు రాసే పని నాది. కార్యదర్శిని కనుక మినిట్సుతోపాటు అదీ నా నెత్తిన పడింది. పాత సంచికలన్నీ సంవత్సరాలవారీగా కుట్టించి దాచినవాణ్ణి. అందుచేత ఒక మాట తడుముకోకుండా చెప్పగలను. డీకన్లు, అంటే సంఘ పెద్దలు, పోతే ఫొటోతో అరపేజీ. కూలిపని చేసేవాళ్ళు పోతే ‘ప్రభువునందు నిద్రించారు’ అన్న ఒక్క వాక్యం.

ఆ పత్రికను ఎవరూ చదవడం లేదనీ, చదివించేలా చేస్తే ఆరాధనకు కొత్తవాళ్ళు వస్తారనీ మా పాస్టరుగారి ఆశ. వయసులో చిన్నవాడు, మనసు మంచిది. పట్నంలో ఏదో శిక్షణకు వెళ్ళివచ్చి రంగుల అట్ట వేయించారు. అట్టమీద మంచుకొండ. ఉద్దానం కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన మనిషికి మంచుకొండతో పనేమిటని నేను కమిటీలో నిలదీశాను. నా అభ్యంతరాన్ని మినిట్సులో నేనే నమోదు చేసుకున్నాను.

ఆ రోజుల్లోనే పలాసలో జీడిపిక్కలు కొట్టి బతికిన మా సంఘ సభ్యురాలు ఒకామె కన్నుమూసింది. భూస్థాపన నాడు జోరువాన. పెట్టె మోయడానికి మనుషులు చాలక, దారిన పోయే ఆటోవాళ్ళను బతిమాలుకోవలసి వచ్చింది. తర్వాత ఆమె కూతురు మా ఇంటికి వచ్చింది. టెక్కలిలో బట్టల దుకాణంలో పనిచేస్తోంది.

“జ్ఞాపకార్థ కూడికకైనా జనం రావాల తాతా. మా అమ్మకి కూడా అరపేజీ రాయండి. మంచిగా రాయండి,” అంది.

కమిటీలో ఈ మాట ఎత్తగానే కోశాధికారి నవ్వారు. “కూలిమనిషి గురించి అరపేజీ ఏం రాస్తారండీ?”

నాకు ఒళ్ళు మండింది. “రాశాక చదవండి,” అన్నాను.

రాశాను. భక్తిపరురాలు, మృదుభాషిణి, ఆదర్శ మాతృమూర్తి. అయితే ఏది రాసినా తెలిసినవాళ్ళకు చదివి వినిపించి సరిచూసుకోవడం నా పద్ధతి. కాగితం పట్టుకుని పలాస బస్సెక్కాను.

మధ్యాహ్నం అన్నం వేళ. జీడి ఫ్యాక్టరీ వసారాలో ఆమెతో కలిసి పనిచేసిన ఆడవాళ్ళు క్యారేజీలు విప్పుకుంటున్నారు. పిక్కల నూనెతో నల్లబడిన వేళ్ళు. వాళ్ళలో ఒక్కరూ మా ఆలయం గడప తొక్కినవాళ్ళు కారు. నేను చదవడం పూర్తి చేసేసరికి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“ఇది ఎవులి గురించి మేస్టారూ?” అని అడిగింది వాళ్ళలో పెద్దావిడ.

“మృదుభాషిణంటే ఏటండి?” అంది ఇంకొకామె.

“మెత్తగా మాట్లాడే మనిషి,” అన్నాను.

“మెత్తగానా! ఆవిడ అరిస్తే పూండి టేసన్లో రైలుబండి ఆగిపోవాల!”

వసారా అంతా గొల్లుమంది.

“నన్నయితే, ‘ఒలే గుడ్డిదానా, పిక్క కొడతన్నావా, ఏలు కొడతన్నావా’ అని తిట్టీసేది.”

“తిట్టీసి ఊరుకుందేటి? నీ ఏలు సితికిన నాడు కొంగు సింపి కట్టు కట్టి, నీ పిక్కలు కూడా తనే కొట్టనేదా? అది సెప్పవేటే?”

పెద్దావిడ చెయ్యి కడుక్కుని నా ముందు కూర్చుంది. “బాబూ, రాస్తే తిట్లు కూడా రాయాల. తిట్లు తీసెత్తే ఆవిడ మిగల్దు.”

నా కాగితం వెనక్కి తిప్పి వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. అచ్చుకు ఇచ్చే ముందు కూతురికి చూపించాను. చదువుతుంటే ఆమె ముఖం చిన్నబోయింది.

“ఇది అందరిలో సదివితే నవ్వుతారు తాతా. బతికున్నన్నాళ్ళూ గయ్యాళని నవ్వినోళ్ళు సాలరా? తిట్లు తీసీండి.”

తల్లి ఆమెది. కాదనే అధికారం నాకు లేదు. “చెప్పినవాళ్ళను ఒకసారి అడిగి చూడమ్మా. అప్పటికీ వద్దంటే తీసేస్తాను,” అని మాత్రం అన్నాను. కొన్నాళ్ళకు ఫోను చేసింది. “ఆల్లని అడిగినాను తాతా, ఉంచండి. కానీ ఎగతాళి సేత్తే మాత్రం నాను లేసి ఎల్లిపోతాను.”

పాస్టరుగారు ఆ నెల మంచుకొండను తీసేసి, మొదటి పేజీలోనే ఆ అరపేజీ వేయించారు. చెప్పినవాళ్ళకు చూపించడం మర్యాద అంటూ తానే ఫ్యాక్టరీ దగ్గరికి వెళ్ళి ఆ ఆడవాళ్ళందరికీ పత్రికలు పంచి, కూడికకు పిలిచివచ్చారు.

కూడిక నాటి సాయంత్రం ఆలయం ముందు వరసగా ఆటోలు ఆగాయి. వసారాలో చూసిన ఆడవాళ్ళే. తలలో పూలు, మంచి చీరలు, చేతిలో మడిచిన పత్రికలు. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక గుమ్మంలో కాసేపు తచ్చాడి, వెనకవైపు చాపమీద కూర్చున్నారు. తాము చెప్పింది సరిగా చదువుతారో లేదో వినడానికి వచ్చామని ఒకామె నాతో దాపరికం లేకుండానే అంది.

పాస్టరుగారు చదవడం మొదలుపెట్టారు. ‘గుడ్డిదానా’ దగ్గరికి రాగానే చాపమీద ఎవరో కిసుక్కుమన్నారు. మరుక్షణం చాపంతా నవ్వింది. ముందు వరసలో ఉన్న కూతురు లేచి నిలబడింది. వెళ్ళిపోతోందనుకుని నేనూ లేచాను.

“ఒలే, ఆగు!” పెద్దావిడ గొంతు. “మేస్టారు రాయనిది ఒకటుంది. నువ్వు టెంత్ పాసయినావని తెలిసిన నాడు మీయమ్మ పొద్దు గూకేదాకా ఎవుల్నీ తిట్టనేదు. ఏటయిపోనాదో అని మాకు బయమేసీసింది!”

ఈసారి ముందు నవ్వింది కూతురే. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బెంచీల మధ్యనుంచి నడిచివెళ్ళి ఆ పెద్దావిడ పక్కన కూలబడింది.

పాస్టరుగారు పత్రిక మడిచేశారు. “ఇంకెవరైనా చెబుతారా అమ్మా?” అని అడిగారు.

చాపమీద ముగ్గురు ఒకేసారి లేచారు. నేను ముందంటే నేను ముందని వాదులాడుకుంటుంటే, వాళ్ళ వరస తేల్చే పనికి కూతురే పూనుకుంది.