అడుగు కనబడకూడని సీసా

ఒక మనిషి చెయ్యి తగిలితే యంత్రం తప్పు చెబుతుందని మీరు నమ్ముతారా? "నమ్మం" అన్నట్టు అంత గట్టిగా తల ఊపకండి. ఒకప్పుడు నేనూ అలాగే ఊపినవాణ్ణి. మొన్న ఆనందపురం జంక్షన్‌లో రక్తపరీక్షకు వెళ్తే, నా వెనకున్న పెద్దమనిషి తనకు ఆ రెండో అమ్మాయే సూది గుచ్చాలని, ఆవిడ చేత్తో తీస్తే షుగరు తక్కువ వస్తుందని పట్టుబట్టాడు. నవ్వుకుంటూ ఆటో ఎక్కానుగాని, కూర్చున్నాక మా వదిన గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

అన్నయ్య పోయాక వదినా నేనూ విశాఖ హార్బరు దగ్గర ఒక ప్రయోగశాలలో పనిచేసేవాళ్ళం. ఓడెక్కబోయే రొయ్యల పచ్చళ్ళలో నిలవకు వేసిన రెండు మందులు ఎంతెంత ఉన్నాయో తేల్చడం మా పని. దానికొక యంత్రం ఉండేది: వెంట్రుకపాటి గాజుగొట్టం, దాని రెండు కొసలూ మునిగేలా రెండు బుల్లి సీసాలు, గొట్టంలోనూ సీసాల్లోనూ ఒకటే బోరేటు ద్రావణం. పచ్చడి నుంచి తీసిన చుక్కను ఒక కొసన ఎక్కించి వేల వోల్టుల కరెంటు పెడితే, అందులోని మందులు ఒక్కోటీ ఒక్కో వేగంతో పరుగెత్తి కాగితం మీద వేరువేరు శిఖరాలుగా లేవాలి. ఉదయం షిఫ్టు నాది. నా శిఖరాలు రెండూ దూరదూరంగా, మర్యాదగా నిలబడేవి. మధ్యాహ్నం షిఫ్టు వదినది. ఆవిడవి పెళ్ళిలో కలుసుకున్న అక్కచెల్లెళ్ళలా ఒకదాన్నొకటి వాటేసుకునేవి.

మా పెద్దసారు కారణం కనిపెట్టేశాడు. భర్త పోయిన మనిషి చెయ్యి అచ్చిరాదట, సోమవారం నుంచి రానక్కర్లేదట. ఆ ఉద్యోగం పోతే వదిన తగరపువలసలో తన అన్నగారి పంచన చేరాలి. ఆదివారం సభల్లో బల్లగుద్ది మూఢనమ్మకాలను చీల్చి చెండాడే నేను పెద్దసారుతో గంటసేపు వాదించాను. లోపల్లోపల మాత్రం, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నా హస్తవాసికి మీసం దువ్వుకున్నాను.

వదిన అంతా విని, "మరిదిగోరూ, ఉపన్యాసం తరవాత. ఓ రోజు నా షిఫ్టు మీరు సెయ్యండి, సూద్దాం" అంది.

చేశాను. మొదటి రెండు కాగితాలూ బాగానే వచ్చాయి, మూడోదానిలో శిఖరాలు ఒరిగాయి, ఐదోదానిలో కౌగిలించుకున్నాయి. నా మీసం వాలిపోయింది. ఉదయం నా చోట కూర్చున్న వదినకు అన్నీ చక్కగా వచ్చాయి. పెద్దసారు చలించాడా? పొద్దున ఆవిడ ముట్టుకున్నందుకే మధ్యాహ్నం చెడిందన్నాడు! మూఢనమ్మకానికి సాక్ష్యం చూపిస్తే అది సాక్ష్యాన్నే నమిలేస్తుంది.

దారి చూపింది మా అటెండరు. సముద్రం మీద చేపలవేటకెళ్ళే ఇంటివాడు, వరస లేకపోయినా నాకు బావ. "బావా, నానొకటడుగుతాను. పొద్దున్న సేపలు కడిగిన నీళ్ళలోనే సాయంత్రం దాకా కడిగితే కంపు కొట్టవేటి? ఆ బుల్లి సీసాల్లో నీళ్ళు పారబోసినోడెవడు?"

ఎవడూ లేడు. యంత్రం తెచ్చిన రోజున ద్రావణం ఉన్న పెద్దసీసాకు పూజ చేయించి, బియ్యం డబ్బాలాగే దాని అడుగు కనబడకూడదని, అందులోది చుక్క కూడా పారబొయ్యకూడదని పెద్దసారు శాసించాడు. అందుకని బుల్లి సీసాలు రోజంతా మార్చేవాళ్ళం కాదు. సాయంత్రం మిగిలింది పెద్దసీసాలో పోసి, తగ్గినంత కొత్తది కలిపి, మర్నాడు పొద్దున్న అందులోంచే బుల్లి సీసాలు నింపేవాళ్ళం. వదిన ఆ బుల్లి సీసాలు రెండిట్లో ఆమ్లమో క్షారమో తేల్చే మీటరు ముంచి చూసింది. కరెంటు పారి పారి ఒకటి ఆమ్లం వైపు, ఒకటి క్షారం వైపు జరిగిపోయాయి. దారే మారిపోతే పరుగు మారదా? సాయంత్రం పెద్దసీసాలో కలిశాక ఆ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి. నా ఉదయపు హస్తవాసి అంతా అదే!

శనివారం, వదిన ఆఖరి షిఫ్టు. శిఖరాలు ఎప్పటిలాగే వాటేసుకున్నాక, అందరూ చూస్తుండగా రెండు బుల్లి సీసాలూ సింకులో గుమ్మరించింది.

"లక్ష్మిని పారబోస్తావా తల్లీ!" పెద్దసారు పరుగెత్తుకొచ్చాడు.

"లక్ష్మి కాదు సార్, బోరేటు."

కొత్త ద్రావణం పోసి మీట నొక్కింది. కాగితం కదులుతుంటే అందరూ దాని మీదికి వంగారు. మొదటి శిఖరం లేచింది, దిగింది, గీత కాసేపు నేలమీద నడిచింది, అప్పుడు రెండోది లేచింది. "ఇడిపోనాయి! ఇడిపోనాయి!" అని బావ ఎగిరాడు. పెద్దసారు క్షమాపణ చెప్పలేదు. మూడు పరీక్షలకోసారి సీసాలు మార్చమని, మార్చినప్పుడల్లా బొట్టు పెట్టమని ఆజ్ఞాపించాడు. వదిన మాత్రం ఉండిపోయింది, ఏళ్ళ తరవాత ఆయన కుర్చీలోనే రిటైరైంది.

ఇప్పుడు యంత్రాలే సీసాలు మార్చుకుంటున్నాయట. ఆ ప్రయోగశాల లేదు, బావ లేడు, వదినకు నా మీసం సంగతి చెప్పుకునే వేళా దాటిపోయింది. ఫలానావారి చెయ్యి మంచిది కాదనే మాట ఒక్కటే నిక్షేపంగా ఉంది. రేపు మీ పనిచోట ఆ మాట వినబడితే నాలా గంటసేపు వాదించకండి. ఆ మనిషి కుర్చీలో, ఆ వేళకే, ఆ పనిముట్లతోనే కూర్చుని ఒక రోజు పనిచెయ్యండి. మీకు ఏం వచ్చిందో ఆ కాగితం అందరి ముందూ పెట్టండి.